వంటింట్లో అరెస్టు

ఆదిలక్ష్మమ్మను అరెస్టు చేసి అప్పటికి ఇరవై ఆరు గంటలైంది. జైలు వాళ్ళ వంటిల్లే.

సెల్లు బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి ఉంది. అందులోంచి ఒకాయన ఆమెను చూస్తున్నాడు. ఖాకీ చొక్కా, భుజాల మీద నక్షత్రాలు, వెనక గోడకు జెండా. పేరు రాథోడ్ అన్నాడు గానీ తెలుగు మాత్రం టీవీలో వార్తలు చదివినంత శుభ్రంగా మాట్లాడతాడు. ఆమె కూర తరుక్కోవచ్చు, ఎసరు పెట్టుకోవచ్చు, నీళ్ళు తాగొచ్చు. కెమెరా ముందు నుంచి పక్కకు పోవాలంటే మాత్రం అడిగి పోవాలి. అరవై ఆరేళ్ళ మనిషి, అందులో షుగరు మనిషి, గంటకోసారి దొడ్డివైపు పోవాల్సిన మనిషి, పరాయి మగాణ్ణి "పోయొస్తా సార్" అని అడుక్కోవాలి. నిన్న మొదటిసారి అడిగినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. ఇవ్వాళ అడగడం నోటికి అలవాటైపోయింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు గానీ మరీ ఒక్క రోజులోనా అని ఆమెకే సిగ్గేసింది.

నిన్న పొద్దున కోడలు కుసుమ డ్యూటీకి, మనవరాలు చందన బడికి పోయిన కాసేపటికే ఫోనొచ్చింది. మీ ఆధార్ మీద ముంబైలో ఖాతా తెరిచారు, అందులో రెండు కోట్ల దొంగ డబ్బు తిరిగింది, మీ మీద వారంటుంది అన్నారు. వారంటు పంపారు కూడా. దాని మీద ఆమె ఫోటో, ఇంటి నంబరుతో సహా అడ్రసు, అడుగున గుండ్రటి ముద్ర. ఆధార్ కార్డులో వచ్చిన ఫోటో అది, తన మొహం తనకే నేరం చేసినదానిలా కనపడుతుంది. ఇట్లాంటి మొహం ఉన్నదాన్ని అరెస్టు చేయక ఏం చేస్తారు అనిపించింది.

ఇంకొకరైతే పోలీసు అనగానే భయపడి నలుగుర్నీ పిలిచేవాళ్ళేమో. ఆదిలక్ష్మమ్మ అట్లా పెరిగిన మనిషి కాదు. మొగుడు హనుమంతరావు బతికున్నన్నాళ్ళూ ఊళ్ళో పార్టీల గొడవల్లో ఉన్నవాడు. ఎన్నికలొస్తే బైండోవరు, ఎన్నికలైపోతే కేసు. వెల్దుర్తి పక్కన వాళ్ళ ఊళ్ళో ఉన్నప్పుడు పోలీసు జీపు రావడం ఆర్టీసీ బస్సు రావడం కన్నా ఖాయం. జీపు దిగినాయన "హనుమంతరావేడీ?" అంటే, గాదె వెనక మొగుడు ఊపిరి బిగబట్టి కూచున్నా సరే, "గొడ్డు తప్పిపోతే వెతకబోయాడయ్యా" అని కళ్ళల్లోకి చూసి చెప్పేది. వాళ్ళింట్లో తప్పిపోయినన్ని గొడ్లు మండలం మొత్తం మీద లేవు. పోలీసు వ్యవహారం ఏదైనా ఇంటి గడప దాటి బయటికి పోకూడదు, బంధువుల దగ్గర నోరెత్తకూడదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్న చదువది.

అందుకని రాథోడ్ "ఈ విషయం ఎవరికీ చెప్పకూడదు అమ్మగారూ" అన్నప్పుడు, చెప్పకూడదని మళ్ళీ చెప్పాలా అనుకుంది. పైగా అమ్మగారూ అన్నాడు. హనుమంతరావు కోసం వచ్చిన పోలీసుల్లో గారూ అన్న మహానుభావుడు ఒక్కడు లేడు. ఈయన ఢిల్లీ స్థాయి మనిషి గనక ఇంత మర్యాదనుకుంది.

నోరు మూయించడానికి ఆయన దగ్గర ఇంకో మాట కూడా ఉంది. "మీ కోడలు ప్రభుత్వ ఉద్యోగి కదా. మీ కేసు బయటపడిన రోజే ఆవిడకి సస్పెన్షన్. ఆవిడ పేరు కూడా చేర్చాల్సి వస్తుందేమో."

కుసుమ మాచర్లలో వార్డు సచివాలయం మహిళా పోలీసు. మూడేళ్ళ కిందట మొగుడు కృష్ణచైతన్య పోయాక ఆ ఇల్లు నడుస్తోంది ఆ జీతం మీదే. దాచేపల్లి దగ్గర సిమెంటు లారీ తోలుతూ, రోడ్డు పక్కన ఆపి టైరు చూసుకుంటుంటే వెనక నుంచి ఇంకో లారీ గుద్దింది. కోర్టు నష్టపరిహారం ఇప్పించింది. పెళ్ళానికింత, బిడ్డకింత, తల్లికింత అని వాటాలేసింది. తల్లి వాటా తొమ్మిది లక్షల నలభై వేలు. కొడుక్కి కోర్టు కట్టిన ఖరీదు అది. ఆదిలక్ష్మమ్మ దాన్ని అట్లాగే బ్యాంకులో ఎఫ్‌డీ వేసింది. వడ్డీ కూడా తీయలేదు. ఆ బాండు కాయితాన్ని వాడి లైసెన్సుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచింది. చందన పెద్ద చదువుకని పైకి చెబుతుంది గానీ, లోపల మాత్రం వాడు ఇంకా ఎక్కడో కాస్త మిగిలి ఉన్నాడంటే ఆ కవర్లోనే.

ఇప్పుడు రాథోడ్ అడుగుతున్నది ఆ కవరునే.

నిన్న పొదుపు ఖాతాలో ఉన్న కౌలు డబ్బు లక్షా ఎనభై వేలు పంపించుకున్నాడు. "పరిశీలన చేసి నలభై ఎనిమిది గంటల్లో వెనక్కి వేస్తాం" అన్నాడు. ఫోను సంచిలో పెట్టుకుని, కాల్ కట్ చెయ్యకుండా బ్యాంకుకు పోయింది. కౌంటర్లో అమ్మాయి, "ఎవరికి పంపిస్తున్నారమ్మా? తెలిసినవాళ్ళేనా? ఫోన్లో ఎవరన్నా పంపమన్నారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. "మా అన్న కొడుక్కమ్మా. స్థలం కొంటన్నాడు" అంది ఆదిలక్ష్మమ్మ, కళ్ళల్లోకి చూసి. గొడ్డు మళ్ళీ తప్పిపోయింది. ఇంటికొచ్చాక రాథోడ్ చెప్పినట్టు ఆ స్లిప్పు పొయ్యి మంటలో పెట్టింది.

రాత్రి కుసుమ ఇంట్లో ఉన్నంతసేపూ ఫోను బోర్లా పెట్టుకోమన్నాడు, కట్ చేయొద్దన్నాడు. పొద్దున్నే, "మీ కోడలు పప్పులో ఉప్పెక్కువైందంది కదా అమ్మగారూ, మాకు అన్నీ వినబడతాయి" అన్నాడు. ఉప్పు ఎక్కువైన మాటా నిజమే.

"రెండింటికల్లా బ్యాంకులో ఉండాలి. ఎఫ్‌డీ క్యాన్సిల్ చేయించి, నేను చెప్పిన ఖాతాకు వేయాలి. సాయంత్రానికి మీకు క్లియరెన్స్ సర్టిఫికెట్ వస్తుంది" అన్నాడు రాథోడ్.

ఆదిలక్ష్మమ్మ కవరు తీసింది. బాండు కనబడేట్టు కెమెరాకు చూపించింది. లైసెన్సు వేలితో పక్కకు జరిపింది, రాథోడ్ చూడకుండా. అంతా అయ్యాక, నిన్నటి నుంచి లోపల తొలుస్తున్న మాట బయటపెట్టింది.

"సార్, డబ్బు సరే. మరి జామీను?"

"ఏంటి?"

"జామీను సార్. నన్ను విడవాలంటే జామీనుదార్లు ఉండాలిగా. ఇద్దరా, ఒకళ్ళా? పట్టాదారు పాసుబుక్కు తేవాలా, ఇంటిపన్ను రసీదు సరిపోద్దా? మా ఆయనకు గురజాల కోర్టులో ఎప్పుడూ ఇద్దర్ని పెట్టేవాళ్ళం."

రాథోడ్ పక్కకు చూశాడు. అటు ఎవరో ఏదో గొణిగారు.

"అవసరం లేదు అమ్మగారూ. డబ్బు వెరిఫై అయితే చాలు."

"చాలదు సార్." జీవితంలో పోలీసుకు ఎదురు చెప్పడం ఆమెకిదే మొదలు. అదీ చట్టం తరఫున. "మీకు తెలీదని కాదు. మా ఊళ్ళో ఒకాయన లాయరుకు పోసిందంతా పోశాడు. జామీనుదారు పాసుబుక్కులో ఇంటిపేరు తప్పు పడిందని పదకొండు రోజులు సబ్‌జైల్లో పెట్టారు. డబ్బిచ్చి, జామీను లేకపోతే మళ్ళీ వచ్చి పట్టుకుపోతారు. నా కొడుకు డబ్బు సార్ అది. ఊరికే పోగూడదు. పోతే పోయింది, నేనన్నా గట్టిగా బయటపడాలి గందా."

తెర మీద బొమ్మ కాసేపు ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి ఆయన గొంతు మెత్తబడింది.

"సరే. ఒక్కరు చాలు. ఆ మనిషికి ఆస్తి ఉందా?"

"సొంతిల్లు సార్. నర్సుగా చేసి రిటైరైంది. పెన్షనుంది."

"వయసు?"

"డెబ్బై."

"ఇంట్లో ఇంకెవరన్నా ఉంటారా?"

"ఒంటరిది సార్."

"తీసుకురండి. ఇంకెవరికీ చెప్పకుండా."

గాలానికి పడ్డ చేప పోతూ పోతూ చుట్టాన్ని కూడా పిల్చుకొస్తానంటే, వద్దనే జాలరి ఎక్కడుంటాడు?

గ్రేసమ్మ ఎదురింటి అరుగు మీద కూచుని చింతపండు కొడుతోంది. మాచర్లలో సగం మందికి చిన్నప్పుడు సూదులేసిన చెయ్యి అది. గింజ ఎగిరి ఎక్కడ పడుతుందో చూడకుండానే చెప్పగలదు.

"అక్కా, నాకు జామీను ఉండాలి."

గ్రేసమ్మ సుత్తి ఆపింది. "ఎవర్ని కొట్టావే?"

"ఎవర్నీ కొట్టలా."

"కొట్టకుండా జామీను దేనికే? నీ మొగుడు చేతిలో కర్ర దించకుండా పోయాడు. ఆ కర్ర ఇన్నాళ్ళు ఊరికే ఉందేందా అనుకుంటన్నా."

మామూలుగా అయితే ఆదిలక్ష్మమ్మ దానికి రెండు మాటలు కలిపి తిరిగిచ్చేది. ఇవ్వాళ పెదవి కదలలేదు. గ్రేసమ్మ ఆ మొహం చూసి ఇంకేమీ అడగలేదు. జామీను అడిగినవాళ్ళను వివరాలడగడం ఆ వైపు మర్యాద కాదు. ఉండదల్చుకుంటే ఉంటాననాలి, లేకపోతే నడుము నొప్పనాలి. గ్రేసమ్మ చెయ్యి కడుక్కుని, పెట్టెలోంచి ఇంటిపన్ను రసీదు, ఆధార్ కార్డు, కళ్ళజోడు తీసుకుని చెప్పులేసుకుంది.

"గురజాలకేనా? బస్సు ఎన్నింటికి?"

"మా వంటింట్లోకి అక్కా."

గ్రేసమ్మ నడుస్తున్నదల్లా ఒక్క క్షణం ఆగింది. ఏమనుకుందో, మళ్ళీ నడిచింది.

వంటింట్లో పీట వేసుకుని కూచుని రసీదును కెమెరాకు ఎత్తి చూపించింది. "ఏ స్టేషను నాయనా మీది?"

"సీబీఐ, ముంబై."

"క్రైం నంబరు?"

ఆయన పొడుగాటి అంకె చెప్పాడు. గ్రేసమ్మ గ్యాసు బిల్లు వెనక రాసుకుంది. "బెయిలబులా, నాన్‌బెయిలబులా?"

"నాన్‌బెయిలబుల్."

"నాన్‌బెయిలబుల్ అయితే ఇంట్లో కూచోబెట్టి జామీను ఎట్టా తీసుకుంటన్నావు నాయనా? మేజిస్ట్రేటు ముందర సంతకం పెట్టొద్దా?"

"ఇది ఆన్‌లైన్ కోర్టు. మీ ఖాతాలో ఎంత ఉందో చెప్పండి."

"జామీనుకు ఇల్లు చూస్తారు. ఖాతాతో పనేంది?"

"ప్రశ్నలు మేం అడగాలి." గొంతులో మెత్తదనం పోయింది. "మీ ఆధార్ మీద కూడా అనుమానాస్పద లావాదేవీలు కనబడుతున్నాయి. మీరు కూడా అరెస్టులో ఉన్నారు. ఇద్దరూ వేరువేరు గదుల్లోకి వెళ్ళండి. కెమెరా ఆఫ్ చేస్తే ఇరవై నిమిషాల్లో లోకల్ పోలీసు మీ ఇంటి ముందుంటారు."

గ్రేసమ్మ కళ్ళజోడు తీసింది. "జామీనుకొచ్చినదాన్నే లోపలేస్తే, రేప్పొద్దున ఈ జిల్లాలో ఎవడన్నా జామీనుకొస్తాడంట్రా?" అని ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి నొక్కింది.

తెర నల్లబడింది. వంటింట్లో ఒక్కసారిగా అంత నిశ్శబ్దం వచ్చేసరికి ఆదిలక్ష్మమ్మకు చెవులు మూసుకుపోయినట్టయింది. ఇరవై ఏడు గంటల తర్వాత ఆ ఇంట్లో ఆమెను చూసే కన్ను లేదు. హాయిగా ఉండాల్సింది. పులి బోను తలుపు తీసి పెట్టినట్టనిపించింది.

"ఏం చేశావే!" డెబ్బై ఏళ్ళ అక్కను ఆమె ఏమే అనడం అదే మొదలు. "ఏం చేశావే నాశనమైపోనూ! నా కోడలి ఉద్యోగం తీశావు గదే! ఆ ఫోనియ్యి. ఇటియ్యి!"

గ్రేసమ్మ ఫోను వీపు వెనక్కి పెట్టుకుంది. ఆదిలక్ష్మమ్మ ఆమె జాకెట్టు చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరు ముసలమ్మలు, ఒకరికి మోకాళ్ళు లేవు, ఇంకొకరికి నడుము లేదు, చిన్నపిల్లలు బలపం కోసం పెనుగులాడినట్టు గ్యాసు పొయ్యి చుట్టూ తిరిగారు. పప్పు డబ్బా పడి కందిపప్పు గదంతా పరుచుకుంది. ఫోను మోగుతూనే ఉంది. మోగి ఆగితే టింగుమని మెసేజి. చివరికి ఆదిలక్ష్మమ్మ చేతికి చిక్కింది. తెర మీద ఇంకో కాయితం. ఈసారి కుసుమ ఫోటోతో. కింద ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు. చదవడం రాకపోయినా ఎర్ర రంగు అర్థమైంది.

"చూడు. చూడవే. అమ్మాయి పేరు కూడా ఎక్కించారు." కాళ్ళ కింద పప్పు జారుతుంటే గోడ పట్టుకుని బాండు కవరు ఏరుకుంది. "నేను పోతన్నా. రెండైపోలా. ఇంకా ఇస్తే ఆపుతారు."

గ్రేసమ్మ గుమ్మంలో కూచుంది. అటు కాలు, ఇటు కాలు.

"లెయ్యి."

"లేవను."

"లెయ్యక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో. నొప్పిగానే ఉన్నాయి."

అప్పుడు ఆదిలక్ష్మమ్మ నోటి నుంచి ఆ మాట వచ్చింది. "కొడుకును కని, పెంచి, లారీ కింద చూసుంటే తెలిసేది నీకు. గొడ్రాలివి. నీకేం తెలుసు?"

అన్నాక తనే భయపడింది. గ్రేసమ్మ మొహంలో ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది.

"అను. ఇంకా ఉంటే అను. నాలుగు కొట్టేదాకా అంటానే ఉండు. ఆ తర్వాత బ్యాంకు మూస్తారు."

అని, కూచున్నచోట నుంచి కదలకుండా తన ఫోను తీసి కుసుమకు చేసింది. ఆదిలక్ష్మమ్మ వద్దు, వద్దు అంటూ ఏడుస్తూనే ఉంది. ఫోన్లో అవతల నుంచి మైకు చప్పుడు, ముసలివాళ్ళ దగ్గులు వినబడ్డాయి. సచివాలయంలో పింఛనుదార్లకు సైబర్ మోసాల మీద మీటింగు జరుగుతోంది. చెప్పేది కుసుమే.

కుసుమ ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. స్కూటీకి స్టాండు కూడా సరిగ్గా వేయలేదు. మెడలో కార్డు, చేతిలో ఇంకా పంచాల్సిన కరపత్రాల కట్ట. గుమ్మంలో గ్రేసమ్మను, నేల మీద పప్పును, గోడకు ఆనుకున్న అత్తను, అత్త చేతిలో కవరును చూసింది. ఫోను అందుకుని ఆ ఎర్ర అక్షరాల కాయితం చూసింది. ఆమెకేమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎంత?"

"లక్షా ఎనభై."

"ఎప్పుడు?"

"నిన్న. పన్నెండున్నరప్పుడు."

కుసుమ వేళ్ళ మీద గంటలు లెక్కేసింది. రెండు చేతుల వేళ్ళూ చాల్లేదు. "ఎఫ్‌డీ?"

ఆదిలక్ష్మమ్మ కవరు చూపించింది. కుసుమ దాన్ని విప్పి చూసింది, బాండు, దాని వెనక మొగుడి లైసెన్సు. అట్లాగే పప్పులో కూలబడింది.

"నా మీటింగుకు వచ్చావుగా అత్తయ్యా. పోయిన నెల. ముందు వరసలో కూచున్నావు. చప్పట్లు కూడా కొట్టావు."

"కొట్టా."

"మరి?"

"ఓటీపీ చెప్పొద్దన్నావు. వాళ్ళు ఓటీపీ అడగలా అమ్మాయ్. ఒక్కసారన్నా అడిగితే నాకు తెలిసేది."

కుసుమ చేతిలో కరపత్రాల కట్ట వంక చూసుకుంది. మొదటి లైను పెద్ద అక్షరాల్లో ఓటీపీ గురించే. ఆమె దాన్ని బోర్లా పెట్టింది.

"పోలీసులు ఫోన్లో అరెస్టు చెయ్యరు అత్తయ్యా. అట్లాంటి అరెస్టే లేదు. వీడియోలో కూచోబెట్టి డబ్బు అడిగినోడు దొంగ, వాడు ఎన్ని నక్షత్రాలు పెట్టుకున్నా సరే. ఇది నేను చెప్పాల్సింది. చెప్పలా."

"నీ ఉద్యోగం తీసేస్తానన్నాడు."

"నా ఉద్యోగానికి మా ఆయన్ని అమ్మబోయావా?" అంది కుసుమ. గొంతు పైకి లేచి విరిగింది. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఒకరి ముందు ఒకరు ఏడవకూడదని ఇద్దరూ పంతం పట్టినట్టు ఉండేవాళ్ళు. అది ఆ మధ్యాహ్నం తీరిపోయింది.

ముందు తేరుకున్నది గ్రేసమ్మే. "ఏడుపు తర్వాత. ఎవడికో చెయ్యాలంటావుగా మీటింగుల్లో, ఆ నంబరుకు చెయ్యి."

కుసుమ ఫోను తీసి సైబర్ మోసాల నంబరు 1930 నొక్కింది. నొక్కి, పచ్చ గుర్తు మీద బొటనవేలు పెట్టి ఆగింది. ఆదిలక్ష్మమ్మకు ఆ ఆగడం అర్థమైంది. స్టేషన్లో సైబర్ కార్యక్రమాలన్నీ ఈ పిల్లకే ఇస్తారు. రేపు ఎస్సై గారి బల్ల మీద ఉండే కంప్లైంటులో బాధితురాలు ఎవరయ్యా అంటే, ఈ పిల్ల సొంత అత్త.

"వద్దులే అమ్మాయ్," అంది. "పోయిందేదో పోయింది. ఆ లక్షా ఎనభై నేను తిన్నాననుకో. నలుగురూ నిన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనీ," అంది కుసుమ. నమ్మకంగా అనలేదు. పచ్చ గుర్తు నొక్కింది.

లైను దొరకడానికి అరగంట పట్టింది. దొరికాక అటువైపు అమ్మాయి ఓపిగ్గా అన్నీ అడిగింది. పేరు, ఖాతా, ఎంత, ఎప్పుడు. ఎవరి ఖాతాకు పోయిందో కనుక్కుని ఆపాలంటే లావాదేవీ నంబరు కావాలంది. ఎంత ఆలస్యమైతే అంత దూరం పోతుందండీ డబ్బు, ఇప్పటికే ఎన్ని ఖాతాలు మారిందో చెప్పలేం అంది. స్లిప్పు బూడిదైపోయింది. పాసుబుక్కులో ఎంట్రీ వేయిస్తే నంబరు పడుతుంది. టైము మూడూ పది.

కుసుమ స్కూటీ తీసింది. ఆదిలక్ష్మమ్మ వెనక ఎక్కి కూచుంది, ఒళ్ళో పాసుబుక్కు, కవరు. గ్రేసమ్మ పప్పు ఏరడానికి ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె మొహం వంక చూసే ధైర్యం ఆదిలక్ష్మమ్మకు లేకపోయింది. క్షమించమని అడగడానికి కూడా ఒక మొహం కావాలి.

వీధి మలుపులో సీతారావమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కిరాణా కొట్టు పుల్లయ్య భార్య. ఎవరు పోతున్నా ఎక్కడిదాకా అని అడగకపోతే ఆమెకు అన్నం అరగదు.

"ఏమ్మా అత్తాకోడళ్ళు, పట్టపగలు, ఎక్కడిదాకా?"

ఇక్కడిదాకానే అని పోవచ్చు. ఆ వీధిలో అందరూ అనే జవాబు అదే, ఎవరూ తప్పు పట్టరు. ఆదిలక్ష్మమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కుసుమ బండి ఆపింది.

"బ్యాంకుకు పెద్దమ్మా. మా అత్తయ్యను ఫోన్లో పోలీసులమని బెదిరించి లక్షా ఎనభై వేలు లాగారు. ఇంట్లోనే అరెస్టు చేశామని కూచోబెట్టారు నిన్నటి నుంచి. నేను పక్కనే ఉన్నా, నాకే తెలీలా."

సీతారావమ్మ నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు. ఒకసారి వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది.

"ఫోన్లో పోలీసులా?"

"ఊ."

"ఎవరికీ చెప్పొద్దంటారా?"

"చెప్పొద్దంటారు పెద్దమ్మా. ఏం?"

సీతారావమ్మ మెట్లు దిగి బండి దగ్గరికొచ్చింది. గొంతు బాగా తగ్గించింది. "మీ పెదనాన్న పొద్దుటి నుంచి పడగ్గదిలో గడియ పెట్టుకున్నాడే. టిఫినుకు పిలిస్తే కసురుకున్నాడు. అన్నానికి పిలిస్తే మాటే లేదు. లోపల ఎవరితోనో సార్, సార్ అంటన్నాడు. ఈయన జన్మలో ఒకణ్ణి సార్ అన్నోడు కాదు. మా అబ్బాయి ఫణిగాడు కొట్టు నుంచి వచ్చాక అడుగుదామని..."

కుసుమ గడియారం చూసింది. మూడూ ఇరవై. బ్యాంకు బస్టాండు అవతల. ఇటు చూసింది, అటు చూసింది.

ఆదిలక్ష్మమ్మ బండి దిగింది.

"అత్తయ్యా, నువ్వెక్కడికి?"

"ఎంట్రీ వెయ్యడానికి నేనెందుకే. నువ్వు పో." పాసుబుక్కు కోడలి చేతిలో పెట్టింది. ఆ పైన కవరు కూడా పెట్టింది. "ఇదీ నీ దగ్గరే ఉంచు. నేను అడిగినా ఇవ్వబాక. వాడు మళ్ళీ ఫోను చేస్తే నేను ఏం చేస్తానో నాకు తెలీదు."

బండి మలుపు తిరిగేదాకా చూడలేదు. సీతారావమ్మ వెంట లోపలికి నడిచింది. ముందు గదిలో అన్నం కంచం మూత పెట్టి ఉంది. పడగ్గది తలుపు వెనక సన్నగా మాటలు. ఆదిలక్ష్మమ్మ తలుపు కొట్టింది. మాటలు ఆగాయి.

"బావగారూ, నేను ఆదిలక్ష్మిని."

"ఇప్పుడు కాదమ్మా." పుల్లయ్య గొంతు తడి లేకుండా ఉంది. "లెక్కలు చూసుకుంటన్నా. తర్వాత రా."

"తలుపు తియ్యండి బావగారూ."

"చెప్పాగా, పనిలో ఉన్నా."

"నన్నూ పట్టుకున్నారు బావగారూ. ఇంతకుముందుదాకా నేనూ లోపలే ఉన్నా. నాది లక్షా ఎనభై పోయింది. మీది ఇంకా పోయుండదు. తలుపు తియ్యండి."

లోపల కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఫోన్లో ఎవరో, తొందరపడకుండా, ఆయన పక్కనే కూచున్నంత చనువుగా, తలుపు తీయొద్దని చెబుతున్నారు.

ఆదిలక్ష్మమ్మ రెండు చేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది.